పద్నాలుగు నిమిషాల వీడియో, నాలుగు లైన్ల కామెంటు

తనుశ్రీ నాకు మొదట పరిచయమైంది ఒక కామెంటుగా.

అప్పటికి నా యూట్యూబ్ చానల్‌కి ఏడు నెలలు నిండాయి. పేరు ‘భాను కంప్యూటర్ క్లాస్’. భాను అంటే నేనే, భానుప్రకాష్. పగలంతా సీతారాండేరాలో ఆరు కంప్యూటర్లున్న చిన్న సెంటర్ నడుపుతాను, తీరిక దొరికితే వీడియోలు తీస్తాను. జంషెడ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. ఇప్పుడు ఇక్కడి స్టీల్ ప్లాంటులో ప్రతి పనికీ కంప్యూటర్ రావాలంటున్నారు. అందుకని వాళ్ళకోసం తెలుగులో, కాస్త హిందీ తాలింపు వేసి, పాఠాలు చెబుతున్నాను. నా గొంతు బాగుంటుందని మా అమ్మ అంటుంది. ఆ ఒక్క మాట పట్టుకునే నా వీడియోలు పొడుగయ్యాయి.

ఆ రోజు పెట్టిన పాఠం ‘ఎక్సెల్‌లో టేబుల్ వెయ్యడం ఎలా?’ నిడివి పద్నాలుగు నిమిషాలు. కింద ఈ కామెంటు పడింది:

‘అసలు పని ఇదీ. ఒకటి, కావలసిన గడులన్నీ మౌస్‌తో పట్టండి. రెండు, పైన ఇన్సర్ట్ నొక్కండి. మూడు, టేబుల్ నొక్కండి. నాలుగు, ఓకే. మిగతా పదమూడు నిమిషాలూ భాను గారు వాళ్ళ బాగ్‌బేరా రైల్వే కాలనీలో కరెంటు పోవడం గురించి చెప్పారు.’

సాయంత్రానికి ఆ కామెంటుకి రెండు వందల పన్నెండు లైకులు. నా వీడియోకి ముప్పై ఒకటి. అందులో రెండు మా అమ్మ రెండు ఫోన్లవి.

నాకు ఒళ్ళు మండింది. వెంటనే జవాబు రాశాను: ‘మేడమ్, కళ్ళతో చూస్తేనే పని వస్తుంది. కాగితం చదివి ఎవరైనా ఈత నేర్చుకుంటారా?’

అయిదు నిమిషాల్లో తిరుగు టపా: ‘ఈతకి నీళ్ళు కావాలి నిజమే. మీ వీడియోలో నీళ్ళు బాగానే కలిశాయి.’

అక్కడితో ఊరుకుందా? ప్రతి వీడియో కిందా అదే పని. నేను పన్నెండు నిమిషాలు మాట్లాడితే ఆవిడ అయిదు లైన్లు. నేను ఇరవై మాట్లాడితే ఏడు లైన్లు. చివరికి ఏ స్థితి వచ్చిందంటే, నేను కొత్త పాఠం పెట్టిన గంటకి ఎవరో ప్లాంటు కుర్రాడు, ‘భాయ్, అక్క కామెంటు ఇంకా పడలేదేటి?’ అని నన్నే అడిగాడు.

*

జులై పదమూడున వాన దంచికొడుతోంది. సెంటర్‌లో ఎవరూ లేరు. గుమ్మంలో గొడుగు విదిలించుకుంటూ ఒకమ్మాయి, ఆమె వెనక గోడ పట్టుకుని రెండు మెట్లూ కష్టంగా ఎక్కుతూ యాభై అయిదేళ్ళ పెద్దాయన వచ్చారు.

“ప్రింట్ కావాలి. పదకొండు పేజీలు” అంటూ ఆమె ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చింది. జడ చివర నుంచి నీళ్ళు నా రిజిస్టర్ మీద పడుతున్నాయి. కోప్పడాల్సింది. ఎందుకో కోప్పడలేదు.

ఫైలు తెరిచాను. మొదటి పేజీ మీద తెలుగులో ఇలా ఉంది: ‘పాఠం 9. భాను గారి వీడియో వినక్కర్లేదు, ఇది చాలు.’

“నువ్వా!” అన్నాను. పరిచయం లేని ఆడపిల్లని నువ్వు అనకూడదని నాకూ తెలుసు.

ఆమె గోడ మీద చానల్ పేరున్న బోర్డు చూసింది. నన్ను చూసింది. “అరే బాప్‌రే! ఆ బోర్ భాను మీరేనా?”

“బోర్ భానూనా?”

“ఇంట్లో అలా అంటాం. సారీ. సారీ కాదు, నిజమే కదా.”

పెద్దాయన కుర్చీలో కూలబడి మోకాళ్ళు రుద్దుకుంటున్నారు. “ఏటి బాబూ, ఆ ఈడియోల కుర్రోడివి నువ్వేనా? నీ గొంతు బాగుంటాది. మజ్జాన్నం ఇంటే సక్కగా నిద్దరొట్టేత్తాది.”

ఆయన పేరు నీలకంఠం. టెక్కలి దగ్గర పల్లె నుంచి పందొమ్మిదో ఏట వచ్చి, ప్లాంటులో ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున ముప్పై ఏళ్ళకి పైగా క్రేన్ నడుపుతున్నారు. షెడ్డు పైకప్పు కింద పట్టాల మీద నడిచే పెద్ద క్రేన్ అది. దాని క్యాబిన్‌లోకి వెళ్ళాలంటే నలభై ఎనిమిది మెట్ల నిచ్చెన ఎక్కాలి.

“మోకాళ్ళు పోనాయి. నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు రాసిచ్చీసినాడు” అన్నారాయన. “నిచ్చెన నేకపోతే క్రేన్ నేదు. క్రేన్ నేకపోతే నాకు బతుకే నేదు.”

తనుశ్రీ మిగతాది చెప్పింది. కంపెనీ వాళ్ళు ఒక అవకాశం ఇచ్చారు. ఆగస్టు నాలుగున కంప్యూటర్ పరీక్ష. పాసైతే కింద స్టోర్సులో బల్ల దగ్గర పని, వచ్చిన సామాను లెక్క ఎక్సెల్‌లో ఎక్కించి మెయిల్ చెయ్యాలి. ఫెయిలైతే ఇంటికే. పరీక్ష గదిలోకి ఫోనూ కాగితమూ రెండూ రానివ్వరు.

“ఇంటికి అంటే ఇక్కడి భుయ్యాడీహ్ ఇంటికి కాదు” అంది మెల్లగా. “పలాస. అక్కడ మా మావయ్యకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఆగస్టు ఆఖరుకి అందరం వెళ్ళిపోవాలి. నాన్నకి అక్కడ కాపలా పని ఇస్తారట. ముప్పై టన్నులు ఎత్తిన మనిషి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోవాలి.”

ఆయన వాన వైపు చూస్తూ కూర్చున్నారు. నాకు ఆ నిమిషంలో ఆమె కామెంట్లన్నీ మాఫ్ అయిపోయాయి.

“రోజూ సాయంత్రం తీసుకురండి. నేను నేర్పిస్తాను” అన్నాను.

“వీడియోతోనా?”

“ఇంకెలా?”

“నేను నర్సింగ్ హోమ్ రిసెప్షన్‌లో చేస్తున్నాను. కొత్తగా చేరిన అమ్మాయిలందరూ నేను రాసిన కాగితాలతోనే పని నేర్చుకున్నారు. రాసింది ఎక్కడికీ పోదు. మీ వీడియోలో ఒక బటన్ ఎక్కడుందో వెతకాలంటే ముందు మీ కాలనీ కరెంటు దాటాలి.”

“కాగితం మీద మౌస్ ఎలా కదులుతుందో చూపించగలవా?”

“సరే. సోమవారం మీ వీడియో, మంగళవారం నా కాగితం. ఏది పనిచేస్తే అది.”

“ఓకే.”

“ఓకే” అని చెయ్యి చాచింది. పందెం కాసేవాళ్ళు కలిపినట్టు గట్టిగా కలిపింది. ఆమె వెళ్ళాక కూడా ఆ తడి చేతిని నేను చాలాసేపు తుడుచుకోలేదు.

*

మొదటి వారం ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు.

నా వీడియో పెడితే నీలకంఠం గారు సినిమా చూసినట్టు చూసేవారు. “బాగుంది, బాగుంది” అని తల ఊపేవారు. వీడియో ఆపి మౌస్ ఇస్తే, ఇందాక చూసినదాంట్లో ఒక్క ముక్కా చేతికి వచ్చేది కాదు. తనుశ్రీ కాగితం ఇస్తే కళ్ళజోడు పెట్టుకుని ఒక లైను చదివేవారు. తెర చూడ్డానికి జోడు తీసేవారు. ఈలోగా మౌస్ బాణం ఎక్కడికో పోయేది. బాణం దొరికేసరికి లైను పోయేది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి డబుల్ క్లిక్. క్రేన్ డ్రైవర్లకి ఒక అలవాటుంటుంది. భారం ఊగకుండా ఉండాలంటే లివర్‌ని ఒక్కసారి కొంచెం తట్టి, ఆగి, చూసి, మళ్ళీ కొంచెం తట్టాలి. ఆయన మౌస్‌నీ అలాగే నొక్కేవారు. టక్. ఆగి, చూసి, మళ్ళీ టక్. అలా నొక్కితే ఫైలు తెరుచుకోదు, పేరు మార్చమని అడుగుతుంది. ఆయన తడబడి ఇంకేదో నొక్కేవారు. నా సెంటర్ ఫైళ్ళలో సగానికి ఇప్పుడు ‘కకకక’ అనో ‘లల’ అనో పేర్లున్నాయి.

“తొందరగా నొక్కండి అంకుల్!”

“తొందరగా నొక్కితే కింద మనిసి సచ్చిపోతాడు బాబూ.”

“ఇక్కడ కింద ఎవరూ లేరు అంకుల్.”

“అదే నాకూ అలవాటవటం నేదు.”

తనుశ్రీ నవ్వాపుకోడానికి చున్నీ నోటికి అడ్డం పెట్టుకునేది. నేను అటు చూసేవాణ్ణి. ఆమె చూసి, “పాఠం ఇటుంది” అని వేలితో తెర చూపించేది.

సాయంత్రం ఆరయ్యేసరికి నేను దువ్వెన వెతుక్కోవడం మొదలైంది. వాళ్ళు కూర్చునే మూడో నంబరు కంప్యూటర్ ఇంకెవరికీ ఇవ్వడం మానేశాను. ఆమెకి అల్లం టీ ఇష్టమని, కోపం వస్తే హిందీలోకి వెళ్ళిపోతుందని, తెలుగు అక్షరాలు వాళ్ళ నాన్నే పలక మీద నేర్పారని తెలిసింది. ఆగస్టు నాలుగు అని క్యాలెండర్‌లో చూసినప్పుడల్లా గుండె గుబేలుమనేది. పరీక్ష ఆయనది, భయం నాది.

తొమ్మిదో రోజు కొంప మునిగింది.

ఆయన ఒక వరస చెరిపెయ్యాలి. నేను ఎడమవైపు నిలబడ్డాను, ఆమె కుడివైపు.

“రైట్ క్లిక్ అంకుల్, రైట్!”

“కాదు నాన్నా, ముందు ఆ వరస పట్టుకోవాలి. రెండో లైను చూడు.”

“లైను ఎందుకు, తెర చూడండి అంకుల్. డిలీట్, డిలీట్!”

“ఆప్ చుప్ రహియే! నాన్నా, కాగితం...”

నీలకంఠం గారు మౌస్ వదిలేశారు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని తెరకేసి చూస్తూ ఉండిపోయారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మేం పిలిచినా కదల్లేదు. తర్వాత లేచి, “పద తల్లీ, ఇంటికెల్దాం” అన్నారు.

గుమ్మం దగ్గర తనుశ్రీ నా వైపు తిరిగింది. కళ్ళలో నీళ్ళు. “ఖుష్? మా నాన్న ఎప్పుడూ ఎవరి మీదా అలగలేదు. మీ అరుపులకి ఆయన మనసు విరిగిపోయింది.”

“నా ఒక్కడి అరుపులేనా? నువ్వు కాగితాలు మొహం మీద పెడితే...”

“రేపట్నుంచి మేం రాం” అంది. నిజంగానే రాలేదు.

*

మూడు రోజులు. మూడో నంబరు కంప్యూటర్ ఖాళీ. కొత్త వీడియో పెట్టాను, కింద కామెంటు లేదు. ‘అక్క ఏదీ?’ అని నలుగురు అడిగారు. ఏం చెప్పను? ఆ వీడియో మొదటిసారి నేనే కూర్చుని చూశాను. పదకొండు నిమిషాల్లో పని ఉన్నది ఒకటిన్నర నిమిషం. మిగతాదంతా నేను నా గొంతు వింటూ మురిసిపోవడం. సిగ్గేసింది.

నాలుగో రోజు భుయ్యాడీహ్ వెళ్ళాను. తనుశ్రీ డ్యూటీలో ఉంది. వాళ్ళమ్మ శ్రీదేవి గారు లోపల వంటింట్లో ఉన్నారు. నీలకంఠం గారు అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నారు.

“అంకుల్, నన్ను క్షమించండి. మీ మనసు కష్టపెట్టాం.”

“నా మనసుకేటయ్యింది?” అన్నారాయన ఆశ్చర్యంగా.

“ఆ రోజు మీరు చేతులు తీసేసి అలిగి కూర్చున్నారు కదా.”

“అలగడమేటి బాబూ! రూలు. పైన క్రేన్ మీద కూకున్నోడికి కింద సప్పుడులో ఏ మాటా ఇనపడదు. సిగ్నల్‌మాన్ సేత్తో సైగ సేత్తాడు, నాను అది సూసి లివరు తిప్పుతాను. ఒక క్రేనుకి ఒక్కడే సైగ సెయ్యాల. ఇద్దరు సేత్తే ఏటి సెయ్యాల?”

“ఏం చెయ్యాలి?”

“ఆపీయాల. సేతులు తీసీసి కూకోవాల. నేకపోతే భారం ఎవడి నెత్తి మీదో పడతాది. మీరిద్దరూ రెండేపులా సెప్తన్నారు. నాను ఆపీసినాను. అంతే.”

నేను అరుగు మీద ఆయన పక్కన కూర్చున్నాను.

“ఇంకో మాట సెప్తాను, ఏటనుకోకు. నీ గొంతు నాకెక్కదు. దాని కాగితం కూడా ఎక్కదు. ముప్పై ఏళ్ళు నాకు పని సెప్పింది సేతులు. సెయ్యి సూపించు, నాను సేత్తాను.”

అప్పుడే తనుశ్రీ డ్యూటీ నుంచి వచ్చింది. నన్ను చూసి “క్యా హై?” అంది. వాళ్ళ నాన్న చెప్పిందంతా ఆమెకి చెప్పాను. ఆమె అరుగు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. అది మూడు రోజులుగా ఏడ్చిన మనిషి నవ్వు అని వాళ్ళ నాన్న చెప్పేదాకా నాకు తెలియదు.

*

ఆ ఆదివారం వాళ్ళింట్లో షూటింగ్. స్టూలు బోర్లించి, దాని కాళ్ళకి నా ఫోను కట్టి, కింద లాప్‌టాప్ పెట్టాం. తెర, కీబోర్డు, మౌస్, తనుశ్రీ రెండు చేతులు. ఫ్రేములో అంతే. మాట లేదు. ప్రతి పనికీ ముందు ఆమె పెద్ద అక్షరాలతో రాసిన ఒక్క లైను అట్టముక్క మీద కనిపిస్తుంది, తర్వాత చెయ్యి అదే పని చేస్తుంది, తర్వాత వీడియో ఆగుతుంది. డబుల్ క్లిక్ మొత్తం తీసేసింది. ‘ఒక్క నొక్కు. తర్వాత ఎంటర్.’ అంత తేలిక ఉపాయం నాకు ఇన్ని నెలల్లో తట్టలేదు.

రేకుల మీద వాన మోగుతోంది. శబ్దం అక్కర్లేదు కాబట్టి పట్టించుకోలేదు. రెండు గంటలు నేను ఫోను తెరలో ఆమె చేతుల్నే చూశాను. కుడి చూపుడువేలికి నీలం సిరా, ఎడమ మణికట్టు దగ్గర పెనం కాలిన చిన్న మచ్చ. ఇక జన్మంతా ఈ చేతుల్ని చూస్తూ ఉండిపోవచ్చనిపించింది.

“రికార్డ్ అవుతోందా?”

“హా?”

“ఎర్ర చుక్క వెలగట్లేదు.”

నేను నొక్కడమే మర్చిపోయాను. మొదటి అరగంట మళ్ళీ తీశాం. ఆమె నా భుజం మీద ఒక్కటి వేసింది.

వీడియో మూడు నిమిషాల నలభై సెకన్లు. అందులో నా గొంతు ఎక్కడా లేదు. నీలకంఠం గారు ఒక్కో ముక్కా ఆపి చూసి, అదే పని తన చేత్తో చేశారు. చేశారంటే చేశారు! తనుశ్రీ ఎగిరి గంతేసింది. శ్రీదేవి గారు గరిట పట్టుకునే పరిగెత్తుకొచ్చారు.

ఇక మిగిలింది రోజూ సాధన. పక్కన నిలబడి సైగ చేసేది ఎవరు?

“అంకుల్‌కి కూతురు సైగ చేస్తేనే...” అని నేను మంచివాడిలా మొదలెట్టాను.

“వద్దు. నువ్వు సెయ్యి” అన్నారాయన. “దాని సెయ్యి కన్నా ముందు దాని కళ్ళు సెప్పీత్తాయి. నాను తప్పు నొక్కబోతంటే దాని మొగం మాడిపోతాది. ఆ మొగం సూసి నేర్సుకుంటే పరీక్షకి దాన్ని తీసుకెళ్ళాల.”

తనుశ్రీ మూతి ముడిచింది. ఒక్క పూటే. తర్వాత ఆమె పని ఆమె వెతుక్కుంది. రోజూ అట్టముక్కల్లో ఒకటో రెండో తీసేసేది. మొదట పన్నెండు. తర్వాత పదకొండు. నేనూ అలాగే సైగలు తగ్గించేవాణ్ణి. వారం రోజులు నేను సెంటర్‌లో నోరు మూసుకుని చేతులు ఊపుతుంటే, ప్రింట్‌కి వచ్చినవాళ్ళు నాకు గొంతు పోయిందనుకుని మిరియాల కషాయం చెప్పారు. ఆఖరి రోజుకి అట్టలూ లేవు, సైగలూ లేవు. ఆయన ఒక్కరే ఇరవై వరసలు ఎక్కించి, సేవ్ చేసి, నాకు మెయిల్ పంపారు. ముప్పై ఎనిమిది నిమిషాలు. పరీక్షకి ఇచ్చేది నలభై.

*

ఆగస్టు నాలుగున గేటు ఎదురుగా టీ కొట్టు రేకు కింద నేనూ తనుశ్రీ నిలబడ్డాం. మళ్ళీ వాన. ఆయన లోపలికి వెళ్ళి ముప్పావుగంట కావస్తోంది.

“రెండు నిమిషాలే తేడా” అంది ఆమె. చేతిలో టీ చల్లారిపోతోంది. “ఒక్కచోట తడబడితే అయిపోయింది. పలాసలో నాన్న ఎలా ఉంటారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టట్లేదు.”

“నాకూ.”

“నీకెందుకు?”

నిన్నటి నుంచీ ప్రాక్టీసు చేసినదంతా గొంతులోకి వచ్చింది. “చూడు తనుశ్రీ, మనిషి జీవితంలో కొన్ని పరిచయాలు ఎలా ఉంటాయంటే, అసలు పరిచయం అంటేనే...”

“ఇంట్రో ఛోడో. నాలుగు లైన్లలో చెప్పు.”

నేను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను.

“ఒకటి. నువ్వు కామెంటు పెట్టని మూడు రోజులూ నాకు అన్నం సయించలేదు. రెండు. అంకుల్ పాసైనా ఫెయిలైనా నేను చెప్పే మాట మారదు. మూడు. మీరు పలాస వెళ్తే నేనూ రైలెక్కుతాను. జీడిపప్పు వలిచే వీడియోలు తీసుకుని బతుకుతాను.”

“నాలుగు?”

“నాలుగు నీకు తెలుసు.”

“తెలీదు. రాయని స్టెప్పు ఎవరూ చెయ్యలేరు.”

“నువ్వంటే నాకు ప్రేమ. నిన్ను పెళ్ళి చేసుకోవాలని ఉంది.”

ఆమె టీ గ్లాసులోకి చూసింది. చెవుల దాకా ఎర్రబడింది. ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే గేటు తెరిచారు.

నీలకంఠం గారు గొడుగు లేకుండా, తొందర లేకుండా నడిచి వచ్చారు. ఆ మొహంలో ఏమీ తెలియలేదు.

“ఏమైంది నాన్నా?”

“ఇరవై వరసలూ ఎక్కించినాను. మెయిలు కొట్టినాను. గంట మోగినాది.”

“గంటకి ముందా, తర్వాతా?”

“నొక్కడం, మోగడం ఒక్కసారే అయినట్టుంది తల్లీ. పద, తడిసిపోతన్నావు.”

ముగ్గురం ఒక ఆటో ఎక్కాం. నా నాలుగో లైనుకి జవాబు అడిగే సమయం అది కాదు.

పాసైనవాళ్ళ లిస్టు రావడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ తనుశ్రీ నుంచి ఒక్క మెసేజ్ లేదు. ఇంట్లో సామాన్లు కట్టడానికి అట్టపెట్టెలు తెచ్చారని ఎవరో చెప్పారు. నేను వీడియోలు తియ్యలేదు. మా అమ్మ నా నుదురు మీద చెయ్యి వేసి చూసి, “జ్వరం లేదు, ఇదేదో వేరే” అంది.

ఏడో రోజు ఉదయం ఫోను మోగింది. ఎత్తితే ఏడుపు.

“పాస్!” అంది తనుశ్రీ ఏడుస్తూనే. “నాన్న పాస్! సోమవారం నుంచి స్టోర్సులో!” ఆ తర్వాత హిందీలో ఏదేదో చెప్పింది, ఫోను పెట్టేసింది. నేను సెంటర్‌లో ఒక్కణ్ణే గంతులేశాను. గంతులు అయ్యాక గుర్తొచ్చింది. జవాబు ఇవాళ కూడా రాలేదు.

*

ఉద్యోగంలో చేరిన వారంలోనే, శుక్రవారం సాయంత్రం, నీలకంఠం గారు ఒక్కరే సెంటర్‌కి వచ్చారు. కొత్త చొక్కా, జేబులో కంపెనీ కార్డు. మెట్లు ఎక్కడానికి నేను చెయ్యి అందించాను.

“మూడో నంబరు కాళీయేనా?”

“మీకోసమే అంకుల్. ఏం కావాలి? నేను టైప్ చేస్తాను.”

“నువ్వు అక్కడ కూకో. ఇటు రాకు.”

గంటంపావు పట్టింది. టక్. ఆగడం, చూడడం. టక్. మధ్యలో నేను రెండుసార్లు లేవబోతే, తలెత్తకుండానే చెయ్యి అడ్డంగా ఊపి ఆపేశారు. చివరికి ప్రింటరు కదిలింది. ఆయన ప్రింట్ తీసుకుని, తప్పులేమైనా ఉన్నాయేమోనని జోడు పెట్టుకుని ఒకసారి చదువుకుని, నా బల్ల మీద పెట్టారు.

తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో, అన్నీ పెద్దవి. మూడో నంబరు రెండుసార్లు పడింది.

‘1. ఆదివారం పది గంటలకి మీ అమ్మని నాన్నని తీసుకొని మా ఇంటికి రా.

2. స్వీటు కొనకు. శ్రీదేవి సేత్తాది.

3. మీ నాన్న రైల్వే. అయినా టైముకి రావాల.

3. మాట నువ్వు మొదలెట్టకు. నువ్వు మొదలెడితే మజ్జాన్నం అయిపోతాది. మీ నాన్నని మాటాడనీ.

4. టీ కొట్టు కాడ నువ్వు అడిగింది అమ్మాయి ఆ రేత్రే నాకు సెప్పినాది. లిస్టు వచ్చేదాకా ఆగమన్నాను. ఓడిపోయి పలాస పోతూ పిల్లని ఇచ్చినాడు అనిపించుకోడం నాకు ఇష్టం నేదు.

5. దానికి ఇష్టమే.

6. నాకూ ఇష్టమే.’

అయిదో లైను దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని ఆరోది చదివాను. మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఎక్సెల్ టేబుల్ గురించి పద్నాలుగు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడిన నాకు ఒక్క మాట దొరకలేదు.

“ఏటి బాబూ, మాటాడవు?” అన్నారాయన. గొంతులో కొంచెం కంగారు. “ఏదైనా తప్పు పడిందా? ఆదివారం కుదరదా?”

నేను లేచి ఆయన కాళ్ళకి దండం పెట్టాను.

“వత్తాం, మావయ్యా” అన్నాను.